బాణం కీతో పడవ నడుపుదాం
పిల్లలతో కలిసి ఇంట్లో చేసుకునే తొలి కోడింగ్ పాఠం

పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుంటే గేమ్ ఆడుతున్నారేమోనని మనకు దిగులు. ఆ గేమ్‌లో కారు గానీ పక్షి గానీ కీ నొక్కగానే ఎలా కదులుతోందో వాళ్లకు తెలిసి, అలాంటిదొకటి తామే తయారు చేస్తే ఆ దిగులు కొంత తగ్గుతుంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఆరో తరగతితో మొదలయ్యే దశ నుంచి కోడింగ్ నేర్పాలని చెప్పింది. కోడింగ్ క్లాసుల ప్రకటనలు మన ఫోన్లకు వస్తూనే ఉంటాయి. ఫీజు కట్టే ముందు, పైసా ఖర్చు లేకుండా, ఒక ఆదివారం మధ్యాహ్నం ఈ పాఠం చేసి చూడండి. కోడింగ్ తెలియని అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని చేయించవచ్చు.

కావలసిన సామగ్రి

కీబోర్డు ఉన్న కంప్యూటర్, అందులో స్క్రాచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. అమెరికాలోని ఎంఐటి మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం పిల్లల కోసం తయారు చేసి 2007లో విడుదల చేసింది. ఇందులో ఆదేశాలను టైప్ చేయనక్కరలేదు. రంగురంగుల బ్లాకులను ఒకదాని కింద ఒకటి తగిలిస్తే ప్రోగ్రాం అవుతుంది. డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా పనిచేస్తుంది. ఇంటి కంప్యూటర్‌లోనే పెట్టుకోండి, బ్యాంకు ల్యాప్‌టాప్‌లో వద్దు.

మా జంషెడ్‌పూర్‌లో ఖర్కాయి నది సువర్ణరేఖలో కలిసే చోటును దోముహాని అంటారు. అక్కడి నుంచి సువర్ణరేఖ తూర్పుగా సాగుతుంది. ఆ నదినే తెర మీద గీసి, దానిలో ఒక పడవ నడుపుదాం. మీ ఊళ్లో గోదావరి ఉంటే గోదావరే గీయండి. తెర మధ్యలో అడ్డంగా నీలి రంగు పట్టీ, పైనా కిందా పచ్చని గట్లు ఉంటే చాలు. పడవ బొమ్మ స్క్రాచ్‌లో దొరుకుతుంది, పిల్లలు గీస్తే ఇంకా మంచిది.

తెర కూడా ఒక ఖాతా పుస్తకమే

స్క్రాచ్ తెర వెడల్పు 480, ఎత్తు 360. సరిగ్గా మధ్య బిందువు సున్నా. కుడికి వెళ్తే ఎక్స్ పెరిగి 240 దాకా, ఎడమకు వెళ్తే తగ్గి మైనస్ 240 దాకా వెళ్తుంది. పైకి వెళ్తే వై 180 దాకా, కిందికి వెళ్తే మైనస్ 180 దాకా.

మన ఇళ్లలో పిల్లలకు ఇది చెప్పడం సులువు. పడవకు రెండు ఖాతాలున్నాయనుకోండి, ఒకటి ఎక్స్, ఒకటి వై. 'ఎక్స్‌ను 10 మార్చు' అంటే పది జమ. 'ఎక్స్‌ను మైనస్ 10 మార్చు' అంటే పది విత్‌డ్రా. 'ఎక్స్‌ను 0 చేయి' అంటే పాత నిల్వ ఎంతున్నా కొట్టేసి సున్నా రాయడం. 'మార్చు', 'చేయి' అనే ఈ రెండు బ్లాకుల మధ్య తేడా తెలిసిన పిల్లలకు సగం పాఠం వచ్చినట్టే.

మొదటి ప్రయత్నం

పసుపు రంగు బ్లాకుల్లో 'ఫలానా కీ నొక్కినప్పుడు' అనేది ఒకటి ఉంటుంది. అందులో కుడి బాణం ఎంచుకుని, దాని కింద 'ఎక్స్‌ను 10 మార్చు' తగిలించండి. ఎడమ బాణానికి ఎక్స్ మైనస్ 10, పై బాణానికి వై 10, కింది బాణానికి వై మైనస్ 10. కీ నొక్కితే పడవ కదులుతుంది.

ఇప్పుడు కుడి బాణాన్ని నొక్కి అలాగే పట్టుకోండి. పడవ ఒక అడుగు వేసి, క్షణం ఆగి, ఆ తర్వాత గబగబా పోతుంది. కుడి, పై బాణాలు రెండూ కలిపి నొక్కితే ఐమూలగా పోదు, చివర నొక్కిన కీ మాటే వింటుంది.

కారణం తెలుసుకోవడానికి ఏదైనా డాక్యుమెంట్ తెరిచి ఒక అక్షరం కీని నొక్కి పట్టుకోండి. ఒక అక్షరం పడి, చిన్న విరామం తర్వాత వరుసగా అక్షరాలు పడతాయి. టైపింగ్‌లో పొరపాటున ఒకటికి రెండు పడకుండా ఉండాలని పెట్టిన ఏర్పాటు ఇది. మన పడవ ఆ టైపింగ్ పద్ధతినే పాటిస్తోంది.

బెల్లు, స్విచ్

ఈ పాఠంలో అసలు నేర్చుకోవలసింది ఇక్కడే ఉంది. 'కీ నొక్కారు' అనేది ఒక వార్త. 'కీ ఇప్పుడు నొక్కి ఉందా?' అనేది ఒక ప్రశ్న. మొదటిది కాలింగ్ బెల్లు లాంటిది, మోగినప్పుడే మనం లేస్తాం. రెండోది ఫ్యాన్ స్విచ్ లాంటిది, ఎప్పుడు చూసినా వేసి ఉందో లేదో తెలుస్తుంది. పడవ సాఫీగా సాగాలంటే బెల్లు కోసం కూర్చోకుండా, ప్రతి క్షణం స్విచ్ చూస్తూ ఉండాలి.

పాత బ్లాకులు తీసేసి ఇలా పేర్చండి:

పచ్చ జెండా నొక్కినప్పుడు
– ఎక్స్‌ను 0, వైని 0 చేయి
– ఎప్పటికీ ఇలా చేస్తూ ఉండు:
– – కుడి బాణం నొక్కి ఉంటే, ఎక్స్‌ను 5 మార్చు
– – ఎడమ బాణం నొక్కి ఉంటే, ఎక్స్‌ను మైనస్ 5 మార్చు
– – పై బాణం నొక్కి ఉంటే, వైని 5 మార్చు
– – కింది బాణం నొక్కి ఉంటే, వైని మైనస్ 5 మార్చు

ఈ చక్రం సెకనుకు సుమారు 30 సార్లు తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా 5 చొప్పున సెకనుకు 150. అంటే 480 వెడల్పు దాటడానికి మూడు సెకన్ల పైచిలుకు పడుతుంది. ముందు లెక్క వేయించి, తర్వాత గడియారం పట్టి చూడమనండి.

నాలుగు 'ఉంటే'లూ వేటికవే విడిగా ఉండాలి. 'ఉంటే, లేకపోతే' అని ఒకదానిలో ఒకటి దూరిస్తే కుడి బాణం నొక్కి ఉన్నంతసేపు పై బాణాన్ని అడిగేవారే ఉండరు. విడిగా ఉంటే రెండు కీలూ పనిచేసి పడవ ఐమూలగా పోతుంది. అప్పుడు అది కొంచెం వేగంగా పోతుంది. 5 కుడికి, 5 పైకి వెళ్తే మొత్తం దూరం సుమారు 7. ఇంట్లో పైథాగరస్ సిద్ధాంతం చదివిన పిల్లలుంటే ఎందుకో వాళ్లనే చెప్పమనండి.

ప్రవాహం, గట్టు

నది ఊరుకోదు కదా. చక్రంలో అన్నిటికంటే ముందు, ఏ షరతూ లేకుండా 'ఎక్స్‌ను 1 మార్చు' పెట్టండి. కీ ముట్టుకోకపోయినా పడవ తూర్పుకు జారుతుంది. ఎడమకు నడిపితే మైనస్ 5కి 1 కలిసి మైనస్ 4 అవుతుంది, ఎదురీత కాబట్టి నెమ్మది. ఇప్పుడు వానాకాలం తెప్పిద్దాం. ఆ 1ని 6 చేయండి. ఎడమ బాణం ఎంత నొక్కినా పడవ కుడికే కొట్టుకుపోతుంది. రుణసంఖ్యల కూడిక తరగతిలో అర్థం కాని పిల్లలకు కూడా ఇది కళ్ల ముందు కనిపిస్తుంది.

ఇక గట్టు. 'వై 100 కంటే ఎక్కువైతే వైని 100 చేయి', 'వై మైనస్ 100 కంటే తక్కువైతే వైని మైనస్ 100 చేయి'. ఈ రెండూ చక్రంలో చివర ఉండాలి. ముందు పెడితే, తనిఖీ అయ్యాక పడవ మరో 5 కదిలి గట్టెక్కి కూర్చుంటుంది. రోజు లావాదేవీలన్నీ అయ్యాకే ముగింపు నిల్వ చూస్తాం కదా, ఇదీ అంతే.

పేర్లు తెలుగులో పెట్టండి

5, 6 అంకెలను నేరుగా రాయకుండా 'వేగం', 'ప్రవాహం' అని రెండు చరరాశులు తయారు చేసి వాడండి. స్క్రాచ్ తెలుగు లిపిలో పేర్లను ఒప్పుకుంటుంది. జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి, బదిలీ మీద వచ్చిన మనలాంటి వాళ్లమూ ఉన్నాం. పిల్లల బడి హిందీ, ఇంగ్లీషుల్లో నడుస్తుంది. తెలుగు ఇంట్లో మాట్లాడటానికే మిగులుతోంది. తాము చేసిన ప్రోగ్రాంలో 'ప్రవాహం' అని రాయాలంటే ఆ అక్షరాలు వెతుక్కోవాలి, ఒత్తు ఎక్కడుందో చూసుకోవాలి. ఇంట్లో నాయనమ్మ కూడా తెర చూసి 'వేగం ఎందుకు తగ్గించావురా?' అని అడగగలుగుతుంది. మనవడు చెప్పే జవాబే వాడికి పరీక్ష.

రేపు పిల్లలు పైథాన్ భాషకు వెళ్లినా ఈ పాఠం వృథా కాదు. అక్కడ గేమ్‌లు రాసే పైగేమ్‌లోనూ కీ నొక్కిన వార్త వేరు, కీ నొక్కి ఉందా అనే ప్రశ్న వేరు. చరరాశులకు తెలుగు పేర్లు పైథాన్ 3లో కూడా చెల్లుతాయి.

పిల్లలకు ఇంటి పని

1. పడవ కుడి అంచు చేరగానే మళ్లీ ఎడమ అంచు నుంచి బయలుదేరేలా చేయండి.
2. స్పేస్ కీ నొక్కి ఉన్నంతసేపు వేగం రెట్టింపు కావాలి, వదలగానే మామూలు కావాలి. ఇది బెల్లు పనా, స్విచ్ పనా?
3. ఒక కీ నొక్కితే పడవ హారన్ ఒక్కసారే మోగాలి. ఇది బెల్లు పనా, స్విచ్ పనా?

రెండో, మూడో ప్రశ్నలకు పిల్లలు కారణంతో సహా జవాబు చెబితే, వాళ్లకు పాఠం వచ్చినట్టే. చెప్పలేకపోతే మీరు చెప్పకండి. కీలు వాళ్ల చేతికే ఇచ్చి ఇంకో ఆదివారం ఆగండి.