రుసుము ఎవరు చెల్లించాలి?



హైదరాబాదులోని పెద్ద బ్రోకరేజీ సంస్థలో, అంటే మదుపరుల తరఫున షేర్లు కొని అమ్మిపెట్టే సంస్థలో, ఉద్యోగం మానుకొని సొంతంగా ఆర్థిక సలహాదారుగా స్థిరపడాలన్న చిరంజీవి ఆలోచన ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెంలోని పెద్దలకు తెలిసింది. నెలజీతం వదులుకోవడం తెలివితక్కువని ఇంట్లో కొందరంటున్నా ఆ ఆలోచనలో తప్పు లేదు. కాని టార్గెట్ల ఒత్తిడి, పైఅధికారి మీద విసుగు ఉద్యోగం మారడానికి చాలినంత కారణాలే తప్ప, ఈ పనికి చాలవు.

సలహాకు డబ్బు ఎవరు చెల్లిస్తున్నారన్నదే అసలు కారణం కావాలి. మ్యూచువల్ ఫండు పథకాన్ని అమ్మిన పంపిణీదారుకు ట్రెయిల్ కమీషన్ అందుతుంది, అంటే మదుపరి సొమ్ము ఆ పథకంలో ఉన్నంతకాలం అందులోంచే ఏటా కొంత అమ్మినవారికి చేరుతుంది. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2009 ఆగస్టు 1 నుంచి పథకంలో చేరేటప్పుడు మదుపరి సొమ్ములోంచి కోసే ప్రవేశ రుసుమును రద్దు చేసింది. 2013 జనవరి నుంచి కమీషన్ లేని డైరెక్ట్ పథకాలు వచ్చాయి. పది లక్షల రూపాయలు ఏటా 12 శాతం చొప్పున పెరిగితే ఇరవై ఏళ్లకు 96 లక్షలు దాటుతాయి, కమీషన్ల వల్ల ఆ పెరుగుదల 11 శాతానికి తగ్గితే 81 లక్షలకు కూడా చేరవు. ఈ తేడా మదుపరికి చెప్పడం ఉద్యోగికి ఇబ్బంది, ఎందుకంటే అతని జీతం ఆ తేడాలోనుంచే వస్తుంది. అలాగే ఖమ్మం మిర్చి మార్కెట్లో రైతు సరుకు అమ్మిపెట్టే అడ్తిదారుకు మంచి ధర రావాలని ఉండవచ్చు, అయినా సరుకు అమ్ముడైతేనే అతనికి కమీషన్ గనుక, ఆగమని చెప్పడం అతనికి కష్టం.

సంస్థ పెద్దదైతే సొమ్ము భద్రమన్న నమ్మకం కూడా నిలవదు. 1980లలో హైదరాబాదులో మొదలై దేశమంతా శాఖలు తెరిచిన బ్రోకరేజీ సంస్థ కార్వీ మీద 2019 నవంబరు 22న సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, కొత్త మదుపరులను చేర్చుకోవద్దని ఆదేశించింది. మదుపరులు తమ ఖాతాలు నడపడానికి రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని, అంటే వారి బదులు లావాదేవీ చేసే అధికారపత్రాన్ని, అడ్డుపెట్టుకొని వారి షేర్లనే తాకట్టు పెట్టి సంస్థ అప్పులు తెచ్చిందన్నది అభియోగం. మదుపరుల షేర్లను అలా కుదువపెట్టరాదని సెబీ ఆ జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చి ఉంది. 2020 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి కార్వీని బహిష్కరించింది. 2023 ఏప్రిల్‌లో సెబీ కార్వీనీ, దాని అధ్యక్షుడు సి. పార్థసారథినీ ఏడేళ్లపాటు మార్కెట్ నుంచి నిషేధించింది. శాఖల్లోని ఉద్యోగికి ఇదంతా ముందే తెలిసే వీలు తక్కువ, కాని ఆనాడు మదుపరి నిలదీసింది అతణ్ణే.

సెబీ 2013 నాటి నిబంధనల ప్రకారం నమోదైన పెట్టుబడి సలహాదారు మదుపరి దగ్గరే రుసుము తీసుకోవాలి. వ్యక్తిగతంగా నమోదైనవారు పథకాలు అమ్మి కమీషన్ తీసుకోరాదు. నమోదు కానివారు ఆ పేరు పెట్టుకోవడమూ తప్పే. రుసుము అడగడం మన ప్రాంతంలో కష్టం, ఎందుకంటే చేతినుంచి ఇచ్చే డబ్బు కనిపిస్తుంది, కమీషన్ కనిపించదు. మొదటి రెండు మూడేళ్లు ఆదాయం తగ్గడం ఖాయమని చిరంజీవి ముందే లెక్కవేసుకోవాలి.

మన మండలం గురించి ఒక మాట. భక్త రామదాసు ఎత్తిపోతల 2017లో మొదలై పాలేరు నీళ్లు చేలకు వచ్చినా, పత్తి, మిర్చి రైతుకు డబ్బు వచ్చేది పంట అమ్మినప్పుడే. అటువంటివారికి నెలనెలా ఫండులో వాయిదాలు కట్టే సిప్‌లు అంటగట్టడం సంస్థ టార్గెట్‌కు నప్పుతుంది గాని వారికి నప్పదు. వచ్చే పంట పెట్టుబడికీ, పిల్లల చదువుకూ ఉంచుకున్న సొమ్మును షేర్లలో పెట్టించడం సలహా కాదు.

ఇక చేయవలసిన పని. సంస్థ నుంచి మదుపరుల చిట్టా వెంట తెచ్చుకోకూడదు, ఇతరులు సంతకం చేసిన ఖాళీ పత్రాలూ, ఎవరి పాస్‌వర్డులూ దగ్గర ఉంచుకోకూడదు. ఎన్‌ఐఎస్‌ఎం అనే సెక్యూరిటీల మార్కెట్ శిక్షణ సంస్థ నిర్వహించే ఎక్స్-ఎ, ఎక్స్-బి సలహాదారు అర్హత పరీక్షలు ఉద్యోగంలో ఉండగానే రాయాలి; సెబీ నమోదు సంఖ్య వచ్చేదాకా, అడిగినవారు సొంత బంధువులే అయినా, ఎవరి దగ్గరా రుసుము తీసుకోకూడదు.

ఇట్లు,
పెదనాన్న
తిరుమలాయపాలెం