ఆటగాడి నుంచి కోచ్ దాకా – ఎడ్డీ జోన్స్

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• రగ్బీ ఆటలోని ముఖ్యమైన నియమాలను చెప్పగలుగుతారు.
• ఎడ్డీ జోన్స్ ఆటగాడి నుంచి కోచ్‌గా మారిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• మంచి శిక్షణ అంటే ఏమిటో సొంత మాటల్లో రాయగలుగుతారు.

1. ఆట పరిచయం

మీకు కబడ్డీ, క్రికెట్ బాగా తెలుసు. రగ్బీ అంతగా తెలియకపోవచ్చు. ఇందులో జట్టుకు 15 మంది ఉంటారు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని పట్టుకొని పరుగెత్తవచ్చు. కాని చేతితో ముందుకు విసరకూడదు. పక్కకో, వెనక్కో అందించాలి. ఎదుటి జట్టు గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే 5 పాయింట్లు వస్తాయి. దీన్ని ‘ట్రై’ అంటారు.

ఎదుటివారు తప్పు చేస్తే ‘పెనాల్టీ’ లభిస్తుంది. అప్పుడు బంతిని గోలు స్తంభాల మధ్యగా తన్నితే 3 పాయింట్లు. అలా తన్నడానికి బదులు ‘స్క్రమ్’ కోరవచ్చు. స్క్రమ్‌లో ఇరుజట్ల నుంచి ఎనిమిదేసి మంది వంగి, భుజాలు ఆనించి నెట్టుకుంటారు. మధ్యలో వేసిన బంతిని కాలితో వెనక్కి లాగే ఆటగాణ్ణి ‘హుకర్’ అంటారు.

2. అందని చోటు

ఎడ్డీ జోన్స్ 1960లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో జన్మించారు. తల్లి జపాన్ సంతతికి చెందినవారు. సిడ్నీలో పెరిగిన జోన్స్ రాండ్విక్ క్లబ్బుకు, న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రానికి హుకర్‌గా ఆడారు. దేశం తరఫున ఆడాలని ఆయన కోరిక. 1989లో సెలెక్టర్లు అదే క్లబ్బులో రెండో జట్టుకు ఆడుతున్న ఫిల్ కియర్న్స్‌ను జాతీయ జట్టుకు ఎంపిక చేశారు. జోన్స్‌కు ఆ అవకాశం చివరిదాకా రాలేదు.

ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. బడిలో పాఠం చెప్పిన అనుభవంతో 1990లలో కోచ్ పనిలోకి వచ్చారు. 2001లో ఆయన శిక్షణలో బ్రంబీస్ జట్టు సూపర్ 12 పోటీలో విజేత అయింది. అదే ఏడాది ఆస్ట్రేలియా జట్టు బాధ్యత దక్కింది. ఆటగాడిగా చోటు దొరకని జట్టుకే ఆయన గురువయ్యారు! 2003 ప్రపంచ కప్ ఫైనల్లో ఆ జట్టు ఇంగ్లండ్ చేతిలో 17–20తో ఓడింది. 2005లో ఆయన్ను తొలగించారు.

3. బ్రైటన్‌లో ఒక నిర్ణయం

2012లో జోన్స్ జపాన్ కోచ్ అయ్యారు. అప్పటికి ప్రపంచ కప్‌లలో జపాన్ గెలిచినది ఒక్క ఆటే. 1995లో న్యూజిలాండ్ చేతిలో 17–145తో ఓడింది. పెద్ద జట్లతో పోలిస్తే జపాన్ ఆటగాళ్లు ఎత్తులో, బరువులో తక్కువ. అందుకని జోన్స్ వేగాన్ని, ఓపికను నమ్ముకున్నారు. తెల్లవారుజామున 5 గంటలకే సాధన మొదలుపెట్టించేవారు. మైదానంలో ఆటగాళ్లే ఆలోచించాలని చెప్పేవారు.

2015 సెప్టెంబరు 19న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో జపాన్ దక్షిణాఫ్రికాతో తలపడింది. దక్షిణాఫ్రికా అప్పటికి రెండుసార్లు ప్రపంచ విజేత. చివరి నిమిషాల్లో జపాన్ 29–32తో వెనకబడి ఉంది. అప్పుడు పెనాల్టీ లభించింది. తన్నితే 3 పాయింట్లతో ఆట సమం కావచ్చు. జోన్స్ కోరుకున్నది కూడా అదే. కాని కెప్టెన్ మైకేల్ లీచ్ స్క్రమ్ కోరాడు. కార్న్ హెస్కెత్ మూలన ట్రై సాధించాడు. జపాన్ 34–32తో గెలిచింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. కెప్టెన్ గురువు మాట వినలేదు. అయినా గురువు నేర్పిన పాఠాన్నే ఆచరించాడు. శిష్యుడు సొంతంగా నిర్ణయించుకోగలిగిన నాడే శిక్షణ పూర్తయినట్లు.

4. ఆ తరువాత

జోన్స్ శిక్షణలో ఇంగ్లండ్ 2016లో సిక్స్ నేషన్స్ పోటీలో అన్ని ఆటలూ గెలిచింది. 2019 ప్రపంచ కప్ ఫైనల్లో ఓడింది. 2022లో ఆయన ఆ పదవి కోల్పోయారు. 2023లో మళ్లీ ఆస్ట్రేలియా కోచ్ అయ్యారు. ఆ ఏడు ప్రపంచ కప్‌లో ఆ జట్టు మొట్టమొదటిసారి తొలి దశలోనే ఇంటిదారి పట్టింది. 2024లో ఆయన తిరిగి జపాన్ కోచ్ అయ్యారు. ఈ పనిలో గెలుపు, తొలగింపు రెండూ ఉంటాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పెనాల్టీ లభించిన జట్టు ఏమేమి చేయవచ్చు?
2. లీచ్ స్క్రమ్‌కు బదులు గోలుకు తన్నమని చెప్పి ఉంటే ఫలితం ఎలా ఉండేది?
3. మీరు ఎవరికైనా ఒక పని నేర్పారా? వారు మీ సాయం లేకుండా ఆ పని మొదటిసారి చేసిన సందర్భాన్ని ఐదు వాక్యాల్లో రాయండి.