నోట నీరు ఊరితే మందు పనిచేసినట్టేనా?

రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం - ఈ నాలుగు ద్రవాలు (అఖ్లాత్) సమంగా ఉంటే ఆరోగ్యమని యునానీ చెబుతుంది. ఈ మాట గ్రీకు వైద్యుడు బుఖ్రాత్, అంటే హిపోక్రటీస్ సంప్రదాయానిది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అమెరికా డాక్టర్లు చాలామంది నమ్మిందీ ఇంచుమించు ఇదే. జ్వరం వస్తే నరం కోసి రక్తం తీసేవారు. విరేచనానికి కాలోమెల్ అనే పాదరసపు పొడి ఇచ్చేవారు.

కాలోమెల్ ఎక్కువైతే నోట నీరు ధారగా కారేది. చిగుళ్లు పుండ్లు పడేవి, పళ్లు ఊడేవి. విషం ఎక్కిందనడానికి అవి గుర్తులు. కానీ నోట నీరు ఊరితే మందు పట్టిందనుకొనేవారు!

అప్పటి చదువూ అంతంతమాత్రమే. చాలా కాలేజీల్లో కొన్ని నెలల ఉపన్యాసాలు రెండుసార్లు వింటే పట్టా వచ్చేది. రెండోసారి చెప్పేది కూడా మొదటి పాఠమే. 1830, 40 దశకాల్లో పలు రాష్ట్రాలు లైసెన్సు చట్టాలనే ఎత్తేశాయి.

మార్పు లెక్కతో మొదలైంది. పారిస్‌లో పియెర్ లూయీ రోగులను లెక్కపెట్టి చూసి, న్యుమోనియాలో రక్తం తీయడం వల్ల అనుకున్నంత మేలు లేదని చూపాడు. ఆ పుస్తకం 1836లో బోస్టన్‌లో ఇంగ్లీషులో వచ్చింది. 1863లో అంతర్యుద్ధం నడుస్తుండగా సైన్య వైద్యాధిపతి విలియం హామండ్ కాలోమెల్‌ను సైన్యపు మందుల జాబితా నుంచి తొలగించాడు. డాక్టర్లు మండిపడ్డారు. మరుసటి ఏడు సరుకుల కొనుగోలు ఆరోపణలపై ఆయన ఉద్యోగమే పోయింది. 1879లో ఆ మచ్చ తొలగింది. డాక్టర్లకు లైసెన్సు ఉండాలన్న రాష్ట్ర చట్టాన్ని 1889లో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఈ కథ మనకెందుకంటారా? మన యునానీలోనూ లోహాలతో చేసే కుష్తాలు ఉన్నాయి. ఫస్ద్ (రక్తమోక్షం) కూడా ఉంది. వయసు, బలం, మిజాజ్, రుతువు చూడకుండా ఫస్ద్ చేయరాదని మన గ్రంథాలే హెచ్చరించాయి. జ్వరానికి రక్తం తీయడం మేలు చేయదని నేటి వైద్యం తేల్చింది.

కనుక ఇవి గుర్తుంచుకోండి:

- రిజిస్టరైన హకీమ్ వద్దకే వెళ్లండి. అడగడానికి మొహమాటపడవద్దు.
- దినుసుల పేర్లు, లైసెన్సు నంబరు లేని పొట్లం కొనవద్దు.
- మందు వాడుతుండగా నోట నీరు ఊరడం, చిగుళ్ల వాపు, చేతుల వణుకు కనిపిస్తే "మందు పట్టింది" అనుకోవద్దు. వెంటనే ఆపి, ఆ మందుతో సహా ఆసుపత్రికి వెళ్లండి.
- గర్భిణులకు, పసిపిల్లలకు లోహపు మందులు సొంతంగా ఇవ్వవద్దు.

మందు పాతదా కొత్తదా అన్నది కాదు, రోగికి మేలు జరిగిందా అన్నదే చూడాలి.