నయమాను కథ - వినయము ఎవరు నేర్వవలెను?

పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులు తరచుగా నాతో చెప్పు మాట యొకటి కలదు. "మావాడు మాట వినుట లేదండీ, మీరైనను కొంచెము భయము చెప్పుడు" అందురు. భయము చెప్పుట సులభమే. కాని భయముచేత అణగియుండు బాలుడు, భయపెట్టువారు గడప దాటగానే మరల తన త్రోవ తాను పట్టును. వినయము, విధేయత, ఆత్మనిగ్రహము ఆ విధముగా అలవడునవి కావు. ఈ విషయమున నాకు మిక్కిలి ఉపకరించిన కథ బైబిలు పాత నిబంధనలో, రాజుల రెండవ గ్రంథము 5వ అధ్యాయమునందున్నది. మా తరగతిలో అన్ని మతముల పిల్లలును దీనిని చెవులు నిక్కించి వినిరి.

క్రీస్తుకు పూర్వము తొమ్మిదవ శతాబ్దపు మాట. సిరియా రాజునకు నయమాను అను సేనాధిపతి యుండెను. యుద్ధములు గెలిచినవాడు, రాజుచేత మన్నన పొందినవాడు. కాని అతనికి చర్మవ్యాధి సోకెను. సిరియా దండువారు ఇశ్రాయేలు దేశమునుండి చెరపట్టి తెచ్చిన యొక చిన్నపిల్ల అతని భార్యకు పరిచర్య చేయుచుండెను. కన్నవారికి దూరమై, పరదేశమున, తన్ను పట్టి తెచ్చినవారి యింటనే ఊడిగము చేయు పిల్ల! యజమానునికి జబ్బు చేసినదని లోలోపల సంతోషించినను ఆమెను తప్పుపట్టువారు లేరు. ఆమె యట్లు చేయలేదు. షోమ్రోనులోనున్న ప్రవక్తయొద్దకు వెళ్ళినచో అయ్యగారికి నయమగునని యజమానురాలితో చెప్పెను.

ఆ మాటను ఇల్లాలు వినెను, భర్త వినెను, తుదకు రాజును వినెను. దీనిని తల్లిదండ్రులు కొంచెము గమనింపవలెను. పిల్లలు పెద్దల మాట వినవలెనని మనము చెప్పుటకు ఎంచుకొన్న కథలో మొట్టమొదట మాట విన్నవారు పెద్దలే, చెప్పినది ఒక దాసి పిల్ల.

నయమాను 10 తలాంతుల వెండి, 6,000 తులముల బంగారము, 10 జతల వస్త్రములు తీసికొని బయలుదేరెను. తలాంతు అనగా 30 కిలోలకు పైబడిన తూకము. అంత ధనముతో, గుఱ్ఱములతో, రథముతో వచ్చి ఎలీషా ప్రవక్త వాకిట నిలిచినపుడు, ప్రవక్త వెలుపలికైనను రాలేదు. యొర్దాను నదిలో ఏడుసారులు స్నానము చేయుమని మనిషిచేత కబురు మాత్రము పంపెను. నయమానునకు కోపము వచ్చెను. తమ దమస్కు నదులకంటె ఈ యొర్దాను గొప్పదా యని, రౌద్రముతో వెనుదిరిగెను.

కథ చెప్పువారు ఇక్కడ కొంచెమాగుట మంచిది. నయమాను మాట తెలివితక్కువ మాట కాదు. అతడు చెప్పిన నదులలో నొకటి నేటి బరదా నదియే యని పండితుల యభిప్రాయము. కొండలనుండి దిగివచ్చి దమస్కు తోటలను పచ్చగా నుంచిన నది యది. యొర్దానో, ఒండ్రు కలిసిన నీటితో పల్లమునకు పారి, సముద్రమట్టమునకు 400 మీటర్లకు పైగా దిగువనున్న మృతసముద్రములో పడునది. నీటి సంగతిలో సేనాధిపతి చెప్పినది చాలవరకు నిజమే. అహంకారము ఎల్లప్పుడును అబద్ధమాడదు. పెక్కుసారులు ఒక నిజమును అడ్డము పెట్టుకొని దాని వెనుక నిలుచును. "వాడే ముందు కొట్టినాడు" అని పిల్లవాడు చెప్పునపుడును, "నాకు తీరిక యెక్కడిది?" అని మనము చెప్పునపుడును జరుగునది ఇదియే.

అప్పుడు సేవకులు దగ్గరకు వచ్చి, అతనిని తండ్రీ యని పిలిచి, ప్రవక్త ఏదైన కష్టమైన పని చెప్పియుండినచో చేసియుండెడివారు కదా, ఇంత సులువైన పనికి వెనుదీయుట యెందులకని నచ్చజెప్పిరి. కోపముతో నున్న యజమానుని ఎదుట ఆ మాట చెప్పుటకు ధైర్యము కావలెను, చెప్పుతీరునకు మర్యాదయు కావలెను. విధేయత యనగా నోరు మూసికొనియుండుట యని మన పిల్లలు తలంచుచున్నారు. ఆ తలంపు మనమిచ్చినదే. ఈ సేవకులు విధేయులే, అయినను ఎదురు చెప్పిరి.

అతడు దిగి, ఏడు మునకలు వేసెను. నేను పిల్లలచేత ఒక్కొక్క మునకను లెక్కపెట్టించి, మూడవదాని తరువాత ఆపి, "ఇప్పుడు నయమాను ఏమనుకొనుచుండును?" అని అడుగుదును. "సేవకులు చూచుచున్నారని సిగ్గుపడుచుండును" అని ఒక బాలుడు చెప్పెను. ఆ సిగ్గును మ్రింగి నాలుగవ మునక వేయుటయే ఆత్మనిగ్రహమని వారికి వేరుగ వివరింపవలసిన పని లేకపోయెను.

నా సంగతి యొకటి చెప్పెదను. ఈ పాఠము చెప్పిన వారములోనే, నల్లబల్లపై భాగహారము చేయుచుండగా ఒక బాలిక లేచి, "మాస్టారూ, శేషము తప్పండి" అనెను. కూర్చుండుమని గద్దించితిని. ఇంటికి పోయి చూచుకొనగా తప్పు నాదే. మరునాడు తరగతిలో అందరియెదుట ఆ లెక్కను తుడిచి, ఆమెచేతనే సరిచేయించితిని. ఇరువదేండ్లుగా పాఠము చెప్పుచున్న నాకు ఆ అయిదు నిమిషములు సులభముగా గడువలేదు. నాటినుండి పిల్లలు నా తప్పులు వెదకుచునే యున్నారు, లేనివి కూడ. అయితే తమ పలకలను చేతితో కప్పుకొనుట మానిరి.

ఎలీషా శిష్యుడు గేహజీ కథ క్లుప్తముగా చెప్పిన చాలును. గురువు కానుకలను నిరాకరింపగా, వీడు రథము వెంట పరుగెత్తి, ఇద్దరు యువకులు వచ్చిరని కల్లలాడి, ఒక తలాంతు వెండి అడిగి రెండు పుచ్చుకొని ఇంట దాచెను. ఎక్కడనుండి వచ్చితివని గురువు అడిగినపుడు, ఎక్కడికిని పోలేదనెను. ఒక ఆశకు ఒక అబద్ధము, దానిని కప్పుటకు మరియొకటి. చక్కెర డబ్బా సంగతి యెరిగిన పిల్లలకు ఇంతకు మించి వ్యాఖ్యానము అక్కరలేదు.

అయితే గేహజీకి ఆ వ్యాధి శిక్షగా వచ్చినట్లు గ్రంథములో నున్నది కనుక ఒక జాగ్రత్త యవసరము. జబ్బు పాపఫలమని పిల్లలు నమ్ముటకు వీలులేదు. హెబ్రీ మూలములోని పదము కుష్ఠునకు మాత్రమే గాక పలువిధముల చర్మవికారములకు వాడినది. కుష్ఠునకు కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొనెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో, వ్యాధి తీరునుబట్టి 6 నెలలు గాని 12 నెలలు గాని మందు వాడినచో నయమగును. ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ మందు ఉచితము. కథతోపాటు ఈ మాటయు చెప్పనిచో, దయ నేర్పవలసిన పాఠము వెలివేయుటను నేర్పును.

కథ ముగిసినపిదప పిల్లలు తప్పక అడుగు ప్రశ్న యొకటి యున్నది. "ఆ పిల్లను ఇంటికి పంపించిరా?" అందురు. గ్రంథములో ఆ సంగతి లేదు, ఆమె పేరును లేదు. మీ యింట ఈ కథ చెప్పినపుడు ఆ ప్రశ్న వచ్చినచో జవాబు కల్పింపకుడు. పంపవలెనా, ఎవరు పంపవలెను, నయమాను ఆమెతో ఏమి చెప్పవలెను అని తిరిగి వారినే అడుగుడు. వారు చెప్పునంతసేపును మధ్య మాటాడక వినుడు.