కుక్కపిల్ల రాకముందే ఇంట్లో డ్యూటీ చార్టు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, వెనకాలే మెడికల్ కాలేజీలు వచ్చాయి. బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు, ఊరి చివర ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నవాళ్లు, అద్దె పోర్షన్లలో ఉండేవాళ్లు పెరిగారు. పగలంతా తాళం వేసి ఉండే ఇళ్లూ పెరిగాయి. అలాంటి ఇంటికి కాపలా అనో, పిల్లలు అడిగారనో ఒక ఆదివారం కుక్కపిల్ల వస్తుంది. సోమవారం అందరూ డ్యూటీలకు పోతారు. సాయంత్రం తలుపు తీస్తే హాలంతా కంపు. పది రోజులు ఇలా గడిచాక “దీనికి బుద్ధి లేదు, ఎవరికైనా ఇచ్చేద్దాం” అంటారు.

బుద్ధి సంగతి తర్వాత. పగలు తొమ్మిది గంటలు దాన్ని బయటికి తీసుకుపోయే మనిషి ఆ ఇంట్లో లేడు. ఒంటికి, రెంటికి బయటే పోవాలని పిల్లకు నేర్పడం కష్టం కాదు. ఏ గంటకు ఎవరి వంతో ఇంటివాళ్లు తేల్చుకోవడమే కష్టం. కాబట్టి గొలుసు, గిన్నె కొనేముందు ఒక కాగితం తీసుకుని డ్యూటీ చార్టు రాయండి. ఆ చార్టు నిండకపోతే పిల్లను తేకండి.

ముందు లెక్క చూసుకోండి

కుక్కపిల్ల పగటిపూట ఎంతసేపు ఉచ్చ ఆపుకోగలదో చెప్పే మోటు లెక్క ఒకటుంది. దాని వయసు నెలల్లో ఎంతో, దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు. రెండు నెలల పిల్లకు మూడు గంటలు, నాలుగు నెలల పిల్లకు ఐదు. అదీ పడుకుని ఉంటేనే. మెలకువగా ఉండి ఆడుతుంటే గంటకోసారి బయటికి తీసుకుపోవాలి. ఎనిమిదిన్నరకు ఇల్లు వదిలి ఐదున్నరకు వచ్చే ఉద్యోగి రెండు నెలల పిల్లను ఒంటరిగా వదిలితే, ఆ తొమ్మిది గంటల్లో అది తక్కువలో తక్కువ మూడుసార్లు ఇంట్లోనే పోతుంది. పోయిన ప్రతిసారీ “ఇదే నా చోటు” అన్న అలవాటు గట్టిపడుతుంది.

వేళలు మాత్రం దాదాపు అన్ని పిల్లలకూ ఒకటే. నిద్ర లేవగానే ఒకసారి. తిన్న పావుగంట, అరగంటలోపు ఒకసారి. ఆట ఆగగానే ఒకసారి. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి. ఈ నాలుగు వేళలు పట్టుకున్నవాళ్లకు సగం పని అయిపోయినట్టే.

ఎంత వయసుది, ఏ నెలలో

“నెల పిల్ల, ఇప్పుడైతే బాగా మచ్చికవుతుంది” అని అమ్మేవాళ్లుంటారు. తీసుకోకండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 నాటి కేంద్ర నిబంధనలకు విరుద్ధం. చట్టం సంగతి అలా ఉంచినా, మూడో వారం దాటాక పిల్లలు పడుకునే చోటు వదిలి కాస్త దూరం పోయి రావడం మొదలుపెడతాయి. ఎనిమిది, తొమ్మిది వారాలకు ఒక చోటు, ఒక రకం నేల ఎంచుకుంటాయి. తల్లి దగ్గర ఆ మాత్రం శుభ్రత పట్టుబడ్డ పిల్ల మీ ఇంట్లో తొందరగా దారికొస్తుంది. మట్టి నేల మీద పెరిగిన నాటు పిల్లకు పెరట్లో మట్టి చూపిస్తే చాలు. గచ్చు మీద, బోనులో పెరిగిన పిల్లకు మట్టి అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది.

ఇంట్లో టీచరుంటే అన్నిటికన్నా మంచి అదను మార్చి నడిమి. ఒంటిపూట బడులు మొదలవుతాయి, మధ్యాహ్నానికి ఇంట్లో మనిషి ఉంటారు. ఏప్రిల్ చివర నుంచి వేసవి సెలవులు. జూన్ 12న బడి తెరిచేసరికి రెండు నెలల పిల్ల ఐదు నెలలది అవుతుంది. దసరా సెలవుల్లో తెద్దామనుకునేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. బతుకమ్మకు చుట్టాలొస్తారు, లేదంటే మనమే ఊరికి పోతాం, ఇరవై రోజులు తిరక్కుండా దీపావళి పటాకులు మొదలవుతాయి. కొత్త పిల్లకు అంత సందడి పనికిరాదు. ప్రైవేటు ఉద్యోగులైతే శుక్రవారం సాయంత్రం తెచ్చి, సోమ, మంగళవారాలకు కూడా సెలవు పెట్టుకోండి. మొదటి నాలుగు రోజుల్లో పడిన అలవాటే నిలుస్తుంది.

అద్దె ఇల్లయితే ఓనరుతో ముందే మాట్లాడండి. తెచ్చాక చెప్పడం వేరు, తెచ్చేముందు అడగడం వేరు.

చార్టు ఇలా

ఇద్దరూ ఉద్యోగం చేసే ఇల్లు అనుకుందాం. ఐదున్నరకు లేచిన మనిషి మొహం కూడా కడుక్కోకుండా ముందు పిల్లను ఎత్తుకుని బయటికి పోవాలి. నడిపించుకుంటూ పోతే గడప దాటకముందే పని కానిచ్చేస్తుంది. ఏడింటికి తిండి, ఏడుంబావుకు బయటికి. ఎనిమిదింబావుకు, ఇల్లు వదిలేముందు మళ్లీ ఒకసారి. పదకొండింటికి, రెండింటికి ఇంట్లో ఉండే అత్తమ్మో, నాయనమ్మో, కాకపోతే పక్కింటివాళ్లో. సాయంత్రం వచ్చిన మనిషి బ్యాగు దించకముందే బయటికి. తొమ్మిదిన్నరకు రోజుకు చివరిసారి. మొదటి రెండు మూడు వారాలు రాత్రి రెండింటికి అలారం. ఒక్కో వేళ ఎదురుగా ఒక్క పేరే రాయండి. రెండు పేర్లుంటే “నువ్వు తీసుకుపోయావనుకున్న” అని ఇద్దరూ అంటారు.

బయట ఎప్పుడూ ఒకే చోటికి తీసుకుపోండి. ఒకే మాట వాడండి. “ఒంటికి పో” అన్నా సరే, “కానీయ్” అన్నా సరే, ఇంటిల్లిపాదీ అదే అనాలి. ఫోను జేబులో పెట్టి ఐదు నిమిషాలు కదలకుండా నిలబడండి. పని కాగానే, అక్కడే, “శభాష్” అని గోరంత జొన్నరొట్టె ముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. ఐదు నిమిషాల్లో పని కాకపోతే లోపలికి తెచ్చి పది నిమిషాలు కళ్లెదుటే ఉంచుకుని మళ్లీ తీసుకుపోండి. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతున్నా, ఆడుతూ ఆడుతూ మంచం చాటుకు పోతున్నా ఆలస్యం చేయకండి.

ఆ ఒకే చోటు ఎక్కడన్నది ముఖ్యం. తెల్లవారుజామున వాకిళ్లలో సానిపి చల్లి ముగ్గులేస్తుంటారు. మీ పిల్ల పక్కింటి ముగ్గు మీద కూర్చుంటే ఆ గొడవ ఏడాదికి కూడా తీరదు. పైగా టీకాలు పూర్తికాని పిల్లను వీధికుక్కలు తిరిగే చోట దించకూడదు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాలకు. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. అందాక సొంత పెరడే మేలు. పెరడు లేని పోర్షన్‌లో ఉంటే డాబా మీద వెడల్పాటి ట్రేలో ఇసుక పోసి పెట్టండి. రెంటికి పోయింది ఎప్పటికప్పుడు ఎత్తేయండి. కుక్కపిల్లల మలంలో ఏలికపాము గుడ్లుంటాయి, అవి మన పిల్లల చేతులకు అంటుకుంటాయి. నట్టల మందు వేళలు పశువైద్యశాలలో రాయించుకుని, అవి కూడా చార్టులో చేర్చండి.

ఇంట్లో ఎవరూ లేని గంటలు

పిల్ల ఇప్పటికే ఇంట్లో ఉండి, నడుమ వచ్చి బయటికి తీసుకుపోయేవాళ్లు దొరకకపోతే చిన్న బోనులో వేసి పోవద్దు. కుక్కపిల్ల తాను పడుకునే చోటును పాడుచేసుకోదు. తొమ్మిది గంటలు బోనులో ఉంటే గత్యంతరం లేక అక్కడే పోతుంది. ఒకసారి ఆ సహజ గుణం పోయిందంటే మళ్లీ తేవడం చాలా కష్టం. బోను గంట, రెండు గంటలకు మంచిది. పూటంతా అయితే వంటింటి పక్క వరండానో, చిన్న గదినో అడ్డు పెట్టి వదలండి. ఒక మూల పడక, నీళ్ల గిన్నె. ఎదురు మూల నాలుగైదు పొరల పాత పేపర్లు. తడిసిన పేపరు తీసేటప్పుడు అడుగున కొద్దిగా తడి అంటిన ముక్క ఒకటి ఉంచితే ఆ వాసనకు మళ్లీ అక్కడికే వస్తుంది. వారం పది రోజులకు పేపర్లను జానెడు జానెడు తలుపు వైపు జరపండి. ఈ పద్ధతిలో ఆలస్యమవుతుంది. అయినా తొమ్మిది గంటలు ఇంటికి రాలేనివాళ్లకు ఇంతకన్నా దారి లేదు.

రేకుల షెడ్డులో మాత్రం కట్టేయకండి. పాలమూరు ఎండల్లో మధ్యాహ్నం రేకుల కింద వేడికి పిల్ల ప్రాణమే పోతుంది. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమల అంచు ఊళ్లలో ఉండేవాళ్లు రాత్రిపూట బయట కట్టేయకండి. చిరుతకు కుక్క సులువుగా దొరికే ఎర.

మగ్గం ఉన్న ఇల్లు, సీడ్ పత్తి ఉన్న ఇల్లు

గద్వాల, రాజోలి నేతన్నల ఇళ్లలో పగలంతా మనిషి ఉంటారు, కనుక నేర్పడం సులువే. అయితే గుంట మగ్గం చల్లగా ఉంటుందని పిల్ల ఆ గుంటలో దూరి పడుకుంటుంది. నేసే మనిషి కాళ్లు తొక్కుడు పలకల మీద ఉంటాయి, చూపు జరీ అంచు మీద ఉంటుంది. పిల్ల అక్కడే ఒంటికి పోతే పడుగు కింది నేలంతా వాసన పడుతుంది, మర్నాడు ఆ వాసనకు మళ్లీ వస్తుంది. ఉచ్చ మరకను మించిన ప్రమాదం పోగులు. పట్టుపోగో, జరీపోగో మింగితే అది పేగుల్లో చిక్కుకుని పేగును ముడుచుకుపోయేలా చేస్తుంది. నోటి నుంచో, వెనక నుంచో పోగు వేలాడుతుంటే లాగకండి. పేగు కోసుకుపోతుంది. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోండి. మగ్గం గదికి మోకాలెత్తు చెక్క అడ్డు పెట్టుకుంటే ఈ బాధలేవీ ఉండవు.

గద్వాల వైపు నడిగడ్డలో సీడ్ పత్తి వేసిన ఇళ్లది ఇంకో తీరు. పత్తి పూలకు చేత్తో క్రాసింగ్ చేసే రోజుల్లో ఇంటిల్లిపాదీ చేనులోనే ఉంటారు. ఆ నెలల్లో కొత్త పిల్లను తేవద్దు. చేనుకు వెంట తీసుకుపోదామన్నా, మందు కొట్టిన పత్తిలో దాన్ని తిప్పకూడదు. పంట చేతికొచ్చాక చూసుకోండి. ఆస్పత్రి, ఆర్టీసీ, పోలీసు ఉద్యోగాల్లో నైట్ డ్యూటీ చేసేవాళ్లు చార్టును తిరగేసి రాసుకోవచ్చు. పిల్లకు గడియారంతో పని లేదు, వరస తప్పకపోతే చాలు.

ఇంట్లో పోయినప్పుడు

కళ్లెదుటే పోతుంటే “ఏయ్” అని ఒక్కసారి అని, ఎత్తుకుని బయటికి నడవండి. మిగిలింది అక్కడ పోతే మెచ్చుకోండి. సాయంత్రం వచ్చి పొద్దుటి మరక చూసి కొట్టడం, మూతిని అందులో రుద్దడం దండగ. ఎందుకు కొట్టారో దానికి తెలియదు. మనిషి ఎదుట పోతే దెబ్బలని మాత్రం తెలుస్తుంది. మర్నాటి నుంచి మంచం కిందో, బీరువా వెనకో పోతుంది. బయట మీరు పక్కన నిలబడ్డా పోదు.

తుడిచే పద్ధతిలోనూ తప్పు జరుగుతుంటుంది. మన ఇళ్లలో చాలావరకు షాబాద్, తాండూరు బండలే. అవి సున్నపురాయి. ఇంటర్నెట్టులో చూసి వెనిగరో, నిమ్మరసమో పోస్తే బండ నునుపు పోయి తెల్ల మచ్చలు తేలతాయి. గరుకైన ఆ బండ ఉచ్చను ఇంకా పీల్చుకుంటుంది. ముందు పాత గుడ్డతో తడి అద్దేయండి. తర్వాత సబ్బునీళ్లతో కడిగి, వంటసోడా చల్లి పావుగంట ఉంచి తుడవండి. బండల సందుల్లో సిమెంటు రాలిపోతే పూయించండి, వాసన నిలిచేది అక్కడే. టైల్స్ మీదైతే నీళ్లు కలిపిన వెనిగర్ పనికొస్తుంది. అమోనియా ఉన్న క్లీనర్లు వద్దు, వాటి వాసన దానికి ఉచ్చ వాసనలాగే ఉంటుంది. ఫినాయిల్ తడి ఆరకముందు పిల్లను ఆ నేల మీద వదలకండి. కాళ్లు నాకితే విషం లోపలికి పోతుంది.

తిండికీ దీనికీ సంబంధం ఉంది

రోజంతా గిన్నెలో తిండి ఉంటే రోజంతా రెంటికి పోతూనే ఉంటుంది. నాలుగు నెలల దాకా రోజుకు మూడు నాలుగు పూటలు, వేళకు పెట్టి, పావుగంటకు గిన్నె తీసేయండి. పాలన్నం అందరూ పెడతారు, కానీ పాలు చాలా పిల్లలకు అరగక విరేచనాలవుతాయి. విరేచనాల పిల్లకు ఎంత నేర్పినా దండగే. పెరుగన్నం, ఉడికిన కోడిగుడ్డు, ఎముకల్లేని ఉడికించిన చికెన్ నయం. ఉల్లి, వెల్లుల్లి, కిస్మిస్, చాక్లెట్ అసలొద్దు. నీళ్లు తగ్గిస్తే ఉచ్చ తగ్గుతుందని గిన్నె దాచిపెట్టేవాళ్లున్నారు. మన ఎండల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

మీరు ఇంటికి రాగానే తోక ఊపుతూ కాళ్ల దగ్గర నాలుగు చుక్కలు పోసిందా? అది అలవాటు తప్పు కాదు, బెదురుతో కూడిన ఆనందం. పైనుంచి వంగి పలకరించకుండా, పక్కకు కూర్చుని చేయి చాపండి. పెద్దయ్యే కొద్దీ పోతుంది. బాగా నేర్చుకున్న పిల్ల ఉన్నట్టుండి పది నిమిషాలకోసారి చుక్కలు పోస్తున్నా, ఉచ్చలో నెత్తురు కనిపించినా, నీళ్ల విరేచనాలతో వాంతులవుతున్నా నేర్పడం ఆపి పశువైద్యశాలకు పోండి.

వరస తప్పకపోతే నాలుగు నుంచి ఆరు నెలల వయసుకు చాలా పిల్లలు దారికొస్తాయి. పొమెరేనియన్ లాంటి చిన్న జాతులకు ఇంకాస్త ఎక్కువ పట్టొచ్చు. ఈలోగా విసుగొచ్చి బస్టాండు దగ్గరో, చెరువుకట్ట మీదో వదిలేస్తే మీ బాధ్యత తీరదు. మరో వీధికుక్క తయారవుతుంది, రేపు అది ఎవరి పిల్లనో కరుస్తుంది. కాబట్టి తెచ్చే ముందే ఆ కాగితం తీయండి. పదకొండింటికి, రెండింటికి ఎదురుగా రాయడానికి పేరు దొరికితే పిల్లను తెచ్చుకోండి. దొరకకపోతే ఈ ఏడాదికి ఆగండి.