పెట్టె లేని స్పీకరు: పొర నుంచి పలక దాకా

పిల్లలూ! డప్పు వాయించడం మీలో చాలామంది చూసే ఉంటారు. చెక్క చట్రానికి ఒక వైపు చర్మం బిగించి ఉంటుంది, రెండో వైపు ఖాళీ. మృదంగం అలా కాదు. దానికి రెండు వైపులా మూతలుంటాయి, గాలి లోపలే ఉండిపోతుంది. డప్పు మీద దెబ్బ పడగానే చర్మం ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ముందున్న గాలిని కదిలించినట్టే వెనుకున్న గాలినీ కదిలిస్తుంది. మరి వెనుక పుట్టిన ఆ చప్పుడు ఎక్కడికి పోతుంది?

స్పీకర్లు తయారు చేసేవాళ్లు నూరేళ్లుగా ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు వెతుకుతున్నారు. వెనుక చప్పుడును పెట్టెలో బంధించడం ఒక జవాబు. బంధించకుండా వదిలేయడం ఇంకో జవాబు. ఈ రెండో దారిలో వెళ్లే స్పీకర్లలో రెండు రకాలను ఈ పాఠంలో చూద్దాం. ఒకటి పొర స్పీకరు, దీన్నే ప్లేనార్ అంటారు. రెండోది తెరిచిన పలక స్పీకరు, అంటే ఓపెన్ బాఫిల్. మొదటిదాన్ని తీసి రెండోదాన్ని పెట్టుకుంటే ఇంట్లో ఏం మారుతుందో, ఏం మారదో తెలుసుకుందాం.

మీరు సైన్సు ఇంగ్లీషులో చదువుకుంటారు. అవే సంగతులకు తెలుగులో ఉన్న మాటలు కూడా ఇక్కడ వస్తాయి. వాటి అర్థాలు పాఠం చివర ఉన్నాయి.

ముందు అల, వెనుక అల

స్పీకరు లోపలి కాగితపు శంకువును కోన్ అంటారు. అది ముందుకు జరిగినప్పుడు ముందున్న గాలి దగ్గరగా నొక్కుకుంటుంది. ఇది సంపీడనం. అదే క్షణంలో వెనుకున్న గాలి పలచబడుతుంది. ఇది విరళీకరణం. కోన్ వెనక్కి జరిగితే రెండూ తారుమారవుతాయి. అంటే ముందు అల, వెనుక అల ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురు. రెండూ కలిసినచోట ఒకటి నొక్కబోతుంది, మరొకటి పలచబరచబోతుంది. అప్పుడు గాలి దాదాపు కదలకుండా ఉండిపోతుంది. చప్పుడు తగ్గిపోతుంది.

ఇది అన్ని స్వరాలకూ ఒకేలా జరగదు. కారణం తరంగదైర్ఘ్యం. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు. దాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది.

10,000 హెర్ట్జ్: 3.4 సెంటీమీటర్లు
1,000 హెర్ట్జ్: 34 సెంటీమీటర్లు
100 హెర్ట్జ్: 3.4 మీటర్లు
50 హెర్ట్జ్: 6.9 మీటర్లు

ఇప్పుడు 60 సెంటీమీటర్ల వెడల్పు పలక మధ్యలో కన్నం చేసి కోన్ బిగించారనుకుందాం. వెనుక అల ముందుకు రావాలంటే అంచు దాకా సుమారు 30 సెంటీమీటర్లు అదనంగా నడవాలి. 50 హెర్ట్జ్ మంద్రస్వరం పొడవు 6.9 మీటర్లు కదా! దాని ముందు 30 సెంటీమీటర్లు ఒక లెక్కలోకి రాదు. రెండు అలలూ ఇంకా ఎదురెదురుగానే ఉంటాయి, చాలావరకు రద్దయిపోతాయి. ముందు అల ఒక్కటే ఉంటే ఎంత ఒత్తిడి వచ్చేదో, అందులో పావు వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది. 100 హెర్ట్జ్ దగ్గర సగం పైచిలుకు మిగులుతుంది. అదే 570 హెర్ట్జ్ దగ్గర ఆ 30 సెంటీమీటర్లు సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం అవుతాయి. అక్కడ రెండు అలలూ కొట్టుకోవు, ఒకదానికొకటి బలమిస్తాయి.

కాబట్టి పెట్టె లేని స్పీకరుకు తారస్వరాలతో ఈ చిక్కు లేదు. మంద్రస్వరాలే జారిపోతాయి.

పెట్టె ఏం చేసింది?

1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు కోన్ స్పీకరు గురించి ఒక పత్రం ప్రచురించారు. ఇవాళ మన టీవీలోనూ ఆటోలోనూ మోగే స్పీకర్లు ఆ దారిలోనివే. 1954లో ఎడ్గర్ విల్చర్ అనే అమెరికన్ గాలి చొరబడని చిన్న పెట్టెలో కోన్ బిగించి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నారు. వెనుక అల పెట్టెలో చిక్కుకుపోయింది. చిన్న పెట్టె నుంచే గట్టి మంద్రం వచ్చింది.

అయితే లోపల చిక్కిన అల ఊరుకోదు. పెట్టె గోడలను అదిలిస్తుంది, పలుచని కోన్ గుండానే మళ్లీ బయటికి వస్తుంది. ఘటంలో నోరు పెట్టి మాట్లాడి చూడండి, మీ గొంతుకు కుండ గొంతు తోడవుతుంది. పెట్టె సరిగా కట్టకపోతే పాటకూ అలాంటి తోడే వస్తుంది.

పొర స్పీకరు

1957లో ఇంగ్లండులో పీటర్ వాకర్ గారి క్వాడ్ సంస్థ పెట్టె లేని స్పీకరును అమ్మకానికి తెచ్చింది. అందులో కోన్ లేదు. కన్నాలున్న రెండు పలకల మధ్య వెంట్రుక కంటే పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ పొరకు వేల వోల్టుల విద్యుదావేశం ఇస్తారు. పాట సంకేతం పలకల మీదికి వచ్చినప్పుడు పొర అటూ ఇటూ లాగబడి ఊగుతుంది. 1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జిమ్ వైనీ మాగ్నెపాన్ సంస్థను స్థాపించారు. ఆయన పద్ధతిలో పొర మీద సన్నని తీగలు అంటించి, అయస్కాంతాల ముందు నిలబెడతారు. తీగల్లో పాట విద్యుత్తుగా ప్రవహిస్తే పొర కదులుతుంది.

ఈ పొర చాలా తేలిక. ఆగమంటే వెంటనే ఆగుతుంది, కదలమంటే వెంటనే కదులుతుంది. అందుకే తంబూరా తీగ మోగి సన్నగిల్లడం, వయొలిన్ కమాను తీగ మీద మొదట ఆనడం పొరలో ఎంతో తేటగా వినిపిస్తాయి.

దీనికీ రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, పొర కదలడానికి ఉన్న సందు కొద్ది మిల్లీమీటర్లే. పెట్టె లేని స్పీకరులో స్వరం ఒక స్థాయి దిగితే, అంటే పౌనఃపున్యం సగమైతే, అదే బలంతో వినిపించడానికి కదలిక 8 రెట్లు కావాలి. ఇందులో 4 రెట్లు ఏ స్పీకరుకైనా తప్పవు. మిగిలిన 2 రెట్లు ముందు వెనుక అలల రద్దును పూడ్చడానికి. 100 హెర్ట్జ్‌కు 1 మిల్లీమీటరు చాలితే 50 హెర్ట్జ్‌కు 8 మిల్లీమీటర్లు కావాలన్నమాట. పొర అంత దూరం పోలేదు. అందుకే దాన్ని మనిషెత్తు పెంచి, తక్కువ కదిలినా ఎక్కువ గాలిని నెట్టేలా చేస్తారు.

రెండోది, వెడల్పైన పొర తారస్వరాలను టార్చిలైటు వెలుగులా ఎదురుగా మాత్రమే పంపుతుంది. 10,000 హెర్ట్జ్ అల పొడవు 3.4 సెంటీమీటర్లే అని పైన చూశాం. పంపేది ఆ అల కంటే ఎంత వెడల్పుగా ఉంటే స్వరం అంత సన్నని దారిలో పోతుంది. ఇంజనీర్లు పొరను సన్నని పట్టీలుగా విడదీసి ఈ చిక్కును కొంత తగ్గించారు.

తెరిచిన పలక

ఇక రెండో రకం. వెనుక మూయని చెక్కపలక, దాని మీద మామూలు కోన్లు. మంద్రానికి పెద్దవి, మధ్య స్వరాలకు చిన్నవి, తారానికి ఇంకా చిన్నవి. ఈ దారిలో బాగా పనిచేసినవారు జర్మనీలో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన ఇంజనీరు జీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ (1935–2018). ఓరియన్, ఎల్‌ఎక్స్521 అనే ఆయన నమూనాలను చూసి ఎందరో ఇంట్లోనే స్పీకర్లు చేసుకున్నారు.

ఇక్కడ గమనించండి: పొర నుంచి పలకకు మారినా వెనుక మాత్రం తెరిచే ఉంది. ముందుకు ఎంత ధ్వని వెళుతుందో వెనక్కీ అంతే వెళుతుంది. పక్కలకు దాదాపు ఏమీ పోదు. పై నుంచి చూస్తే ధ్వని వ్యాపించే తీరు 8 అంకెలా ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవారికి సమానంగా వినిపించేలా సర్దితే, ఇలాంటి స్పీకరు గదిలోకి పంపే మొత్తం శక్తి, అన్ని దిక్కులకూ సమానంగా పంపే స్పీకరుతో పోలిస్తే మూడో వంతే. కాబట్టి గోడల నుంచి తిరిగివచ్చే చప్పుడు తగ్గుతుంది.

మారేది కదిలే వస్తువు. పెద్ద కోన్ ముందుకీ వెనక్కీ మిల్లీమీటర్ల కొద్దీ కదలగలదు కాబట్టి మంద్రానికి కావలసిన ఊపు దొరుకుతుంది. చిన్న కోన్ తారస్వరాలను వెడల్పుగా పరుస్తుంది.

ఒక క్వార్టరులో

నేను ఇదివరకు పనిచేసిన ఒక ఊళ్లో, మా వరుస క్వార్టర్లలోనే ఉండే ఒక ఉద్యోగి ఇంట్లో మనిషెత్తు పొర స్పీకర్లు ఉండేవి. గది మధ్యలో ఒక కుర్చీ. అందులో కూర్చుంటే గాయకుడు ఎదుట ఉన్నట్టే ఉండేది. రెండడుగులు పక్కకు జరిగితే ఆ మనిషి మాయం. ఇంట్లో నలుగురు, కుర్చీ ఒక్కటే. సాయంత్రం పాట పెడితే ఆయన కుర్చీలో ఉండేవారు. మిగిలిన ముగ్గురూ వంటింట్లోనో వరండాలోనో ఉండేవారు.

తర్వాత బదిలీ ఉత్తర్వు వచ్చింది. అంత పొడుగు పొరలను లారీలో ఆరేడు వందల కిలోమీటర్లు పంపడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఊరు కదలని ఒక మిత్రుడికి వాటిని ఇచ్చేశారు. కొత్త ఊళ్లో కోన్లు కొని, వడ్రంగి చేత ప్లైవుడ్ పలకలు కోయించారు. మంద్రానికి విడిగా ఒక యాంప్లిఫయరు పెట్టి, జారిపోయే స్వరాలకు బలం పెంచారు.

ఆయన ఫోనులో నాతో దాపరికం లేకుండా చెప్పారు: తంబూరాలో ఆ పాత తేట కొంత తగ్గింది, కొన్ని వారాలు అదే వెతుక్కున్నాను అని. కానీ మృదంగం ఎడమ వైపు, రవ్వముద్ద అంటించిన ఆ వైపు, గుమికీలు ఇప్పుడు ఛాతీకి తగులుతున్నాయట. అన్నిటికంటే పెద్ద మార్పు, సోఫాలో ముగ్గురు కూర్చున్నా ముగ్గురికీ పాట వినిపిస్తోంది. వాళ్లమ్మాయి కీర్తన మధ్యలో "నాన్నా, అది ఏ రాగం?" అని అడగడం ఆ ఇంట్లోనే మొదలైంది.

మూడేళ్లకు మళ్లీ బదిలీ. ఈసారి కోన్లు విప్పి దుప్పట్లలో చుట్టి ట్రంకుపెట్టెలో సర్దారు. గుండ్రటి కన్నాలున్న పలకలను పక్కింటివాళ్లు కోళ్లగూటికి తలుపులుగా వాడుకున్నారట. కొత్త ఊళ్లో కొత్త గది కొలతలు చూసుకుని కొత్త పలకలు కోయించుకున్నారు.

గోడకు ఎంత దూరం?

పొరకైనా పలకకైనా ఒక నియమం ఒకటే: గోడకు ఆనించకూడదు. వెనుక అల గోడకు తగిలి తిరిగి రావాలి కదా! స్పీకరు గోడకు 1 మీటరు దూరంలో ఉంటే ఆ అల 2 మీటర్లు అదనంగా నడిచి, సుమారు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. అంత ఆలస్యమైతే చెవి దాన్ని అసలు స్వరంతో కలిపి గజిబిజి చేసుకోదు, గదికి లోతు ఉన్నట్టు భావిస్తుంది. మరీ దగ్గరైతే రెండూ కలిసిపోయి పాట మసకబారుతుంది. గది చిన్నదై 1 మీటరు కూడా వదలలేకపోతే పెట్టె స్పీకరే మేలు. ఇంకో మాట: ధ్వని వెనక్కీ అంతే వెళుతుందని మరవకండి. వెనుక గోడ అవతల పక్కింటివాళ్ల పడకగది ఉంటే వాళ్లనూ తలచుకోండి.

చేసి చూద్దాం

1. ప్రయోగశాలలో శృతిదండాన్ని రబ్బరు మీద కొట్టి, చెవి దగ్గర నిలువుగా పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిప్పండి. చప్పుడు 4 సార్లు పెరిగి 4 సార్లు తగ్గుతుంది. ఎదురెదురు అలలు రద్దయ్యే చోట్లు ఇలా చెవికే తెలుస్తాయి.

2. పెద్దల సాయంతో పాత రేడియోలోని స్పీకరును విప్పి, తీగలు ఊడకుండా విడిగా పట్టుకుని పాట వినండి. పెద్ద అట్టముక్కకు స్పీకరంత కన్నం చేసి, దాన్ని కన్నానికి గట్టిగా ఆనించి మళ్లీ వినండి. ఏ స్వరాలు తిరిగి వచ్చాయి? అట్ట సైజు పెంచితే ఏమవుతుంది?

3. ఈసారి బదిలీ అయి కొత్త ఇంటికి చేరగానే, సామాను విప్పకముందు ఖాళీ గదిలో ఒకసారి చప్పట్లు కొట్టండి. పరుపులు, పరదాలు, పుస్తకాలు సర్దాక మళ్లీ కొట్టండి. రెండింటికీ తేడా నోటుపుస్తకంలో రాసుకోండి. ప్రతి ఊరికీ ఒక పేజీ ఉంచండి.

ప్రశ్నలు

1. డప్పు, మృదంగాలలో ఏది తెరిచిన పలకలాంటిది? ఎందుకు?
2. స్పీకరు గోడకు 1.2 మీటర్ల దూరంలో ఉంటే తిరిగివచ్చే అల ఎన్ని మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది?
3. 80 హెర్ట్జ్ స్వరానికి కోన్ 1 మిల్లీమీటరు కదలాలి. పెట్టె లేని స్పీకరులో 40 హెర్ట్జ్‌కు ఎంత కదలాలి?
4. ఆ ఉద్యోగి పొర స్పీకర్లను వదులుకుని ఏం పొందారు, ఏం పోగొట్టుకున్నారు? మీరైతే ఏం చేసేవారు? పది వాక్యాలలో తెలుగులో రాయండి.

కొత్త మాటలు

సంపీడనం: గాలి దగ్గరగా నొక్కుకోవడం
విరళీకరణం: గాలి పలచబడడం
పౌనఃపున్యం: ఒక సెకనులో జరిగే కంపనాల సంఖ్య
తరంగదైర్ఘ్యం: ఒక పూర్తి అల పొడవు
మంద్రం: కింది స్వరం
తారం: పై స్వరం
శృతిదండం: కొడితే ఒకే స్వరం పలికే రెండు కొమ్మల ఉక్కు కడ్డీ