చలికాలం పొగ - వేసవి పిడుగు

పుష్యమాసం. అరకు లోయలో తెల్లవారింది. అంతా మంచు. కొండలు కనిపించటం లేదు. ఇళ్ల ముందు చలిమంటలు వేసుకున్నారు. ఆ పొగ చూడండి. కొంచెం పైకి లేస్తుంది. అక్కడే ఆగిపోతుంది. దుప్పటి పరిచినట్లు లోయంతా పరుచుకుంటుంది.

ఎందుకు?

రాత్రి నేల చల్లబడుతుంది. నేలను తాకిన గాలీ చల్లబడుతుంది. చల్లగాలి బరువు. అది కొండల మీద నుంచి లోయలోకి జారుతుంది. దానిపైన వెచ్చని గాలి మూతలా ఉంటుంది. అందుకని కింది గాలి పైకి పోలేదు. గాలి పైకి పోకపోతే ఉరుముల మబ్బు కట్టదు. చలికాలంలో పిడుగులు తక్కువ పడటానికి ఇదొక కారణం.

మా రాత్రి బడిలో ఒక తాత అడిగాడు.

"పంతులమ్మా, ఈ ఏడు చలి ఎక్కువగా ఉంది. వేసవిలో పిడుగులు కూడా ఎక్కువ పడతాయా?"

"చలి ఒక్కటే చూసి చెప్పలేం తాతా" అన్నాను.

పిడుగుల మబ్బుకు మూడు కావాలి. వేడి, తేమ, పైన చల్లగాలి. మార్చి నుంచి మే దాకా ఎండ నేలను కాలుస్తుంది. బంగాళాఖాతం నుంచి తేమగాలి వచ్చి కొండలెక్కుతుంది. బాగా ఎత్తులో వాయవ్యం నుంచి చల్లని పొడిగాలి వీస్తుంది. ఈ మూడూ కలిస్తే మూత ఎగిరిపోతుంది. మధ్యాహ్నానికి మబ్బు కొండలా పెరుగుతుంది.

మరి ముందుగా ఎలా తెలుస్తుంది? శాస్త్రవేత్తలు చలికాలంలోనే సముద్రాలను గమనిస్తారు. దూరాన పసిఫిక్ మహాసముద్రం నీరు మామూలుకన్నా వేడెక్కితే ఎల్ నినో అంటారు. చల్లబడితే లా నినా అంటారు. వీటివల్ల గాలుల దారి మారుతుంది. ఇవన్నీ చూసి వేసవి ఎలా ఉండొచ్చో వాతావరణ శాఖ ముందే అంచనా వేస్తుంది. కానీ ఏ రోజు, ఏ కొండ మీద పిడుగు పడుతుందో నెలల ముందు ఎవరూ చెప్పలేరు. అది కొద్ది గంటల ముందే తెలుస్తుంది.

2018 ఏప్రిల్ 24న మన ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఒక్కరోజులోనే ఇన్ని!

ఇప్పుడు 'దామిని' అనే ఫోన్ యాప్ ఉంది. దగ్గరలో పిడుగులు పడుతుంటే చెబుతుంది. సిగ్నల్ లేని ఊళ్లో మన చెవులే యాప్. ఉరుము వినపడిందా? పిడుగు మన మీద పడేంత దగ్గరలో ఉన్నట్టే. వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి. మామిడి, జీడిమామిడి చెట్ల కింద నిలబడకూడదు. చెరువులో, పొలంలో ఉండకూడదు. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

తాత మళ్లీ అడిగాడు. "నా మనవడు కొండమీద మేకలు కాస్తాడు. మేకల్ని వదిలేసి రమ్మంటావా?"

"రమ్మను తాతా. మేక పోతే మళ్లీ కొనుక్కోవచ్చు."

తాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇవాళే చెబుతాను" అన్నాడు.

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు. ముట్టుకోవచ్చు. భయపడకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆలోచించండి:
1. చలికాలం పొగ ఎందుకు పైకి పోదు?
2. మీ ఊళ్లో ఉరుము వినపడితే ఏ ఇంట్లోకి వెళతారు? ఇప్పుడే అనుకోండి.